కణంలో పెళ్లిళ్ల పేరయ్యలు!

సొంతంగా ఏ పనీ చెయ్యవు. దేన్నీ కొయ్యవు, దేన్నీ అతికించవు. చేసేదల్లా... ఈ చేతిని తీసుకెళ్లి ఆ చేతిలో పెట్టడమే! కానీ ఆ ఒక్క పనీ ఆగిపోతే మన రోగనిరోధక వ్యవస్థ మూగబోతుంది. టి-కణాల లోపల కబుర్లు మోసే 'అడాప్టర్ ప్రొటీన్ల' కథ ఇది.

కాలికి ముల్లు గుచ్చుకుంటుంది. రెండ్రోజులకి చీము పడుతుంది. ఆ తర్వాత గజ్జల్లో బిళ్ల కడుతుంది. 'దెబ్బ తగిలింది కాలికి కదా, బిళ్ల ఇక్కడెందుకు?' అని పిల్లలు అడిగితే, 'అంతే, అలాగే కడుతుంది' అని సర్దిచెబుతాం.

నిజానికి ఆ బిళ్ల మన సైన్యం విడిది చేసే చోటు. అసలు పేరు లింఫ్ గ్రంథి. కాల్లో దూరిన సూక్ష్మజీవుల ముక్కల్ని కొన్ని కణాలు అక్కడికి మోసుకొస్తాయి. కాచుకుని కూర్చున్న టి-కణాలకు ఒక్కొక్కదానికీ చూపిస్తాయి. వేలూ లక్షల కణాల్లో ఏ ఒక్కదానికో 'వీడే నా శత్రువు' అని తెలుస్తుంది. ఇక చూస్కోండి... అది రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, కొద్దిరోజుల్లో వేలకు వేలు తయారవుతాయి. గ్రంథి ఉబ్బి చేతికి తగలడానికి అదీ ఓ ముఖ్య కారణమే.

ఇక్కడే ఓ చిక్కుముడి ఉంది. శత్రువును గుర్తుపట్టింది కణం పైపొర మీదున్న గ్రాహకం. 'రెండుగా చీలు, యుద్ధానికి సిద్ధమవు' అనే ఆజ్ఞ రావాల్సింది కణం నడుమ ఉన్న కేంద్రకంలోని జన్యువుల నుంచి. వీధి గుమ్మంలో కనిపించిన దొంగ సంగతి పడగ్గదిలో ఉన్న ఇంటి యజమానికి ఎవరు చేరవేస్తున్నట్టు?

గుమ్మం దగ్గరే ఆగిన కబురు

టి-కణం శత్రువును ఎలా గుర్తుపడుతుందన్నది చాలాకాలం అంతుచిక్కని రహస్యం. 1984లో కెనడాలో టాక్ మాక్, అమెరికాలో మార్క్ డేవిస్ బృందాలు ఆ గ్రాహకానికి సంబంధించిన జన్యువును పట్టుకున్నాయి. శాస్త్రలోకం సంబరపడింది. అయితే తీరా చూస్తే ఆ గ్రాహకం నిర్మాణం విచిత్రంగా ఉంది. శత్రువును పట్టుకునే బయటి భాగమేమో పెద్దది. కబురు అందించాల్సిన లోపలి తోకేమో బహు పొట్టిది... కొద్దిపాటి అమైనో ఆమ్లాలే. కళ్లున్నాయి కానీ నోరు లేదన్నమాట!

ఆ నోరు పక్కింటివాళ్లది. గ్రాహకాన్ని అంటిపెట్టుకుని సీడీ3, జీటా అనే ప్రొటీన్ గొలుసులు ఉంటాయి. వాటి తోకలు పొడుగ్గా కణం లోపలికి వేలాడుతుంటాయి. ఆ తోకల మీద మొత్తం పది ప్రత్యేకమైన చోట్లు, ఒక్కో చోట రెండేసి చొప్పున టైరోసిన్ అనే అమైనో ఆమ్లాలు ఉంటాయి. లోపలికి వెళ్లే కబురు మొదలయ్యేది ఈ ఇరవై టైరోసిన్ల దగ్గరే.

గడపకి బొట్టు

గడపకి పసుపు రాసి బొట్లు పెట్టి, మామిడి తోరణం కట్టారంటే ఆ ఇంట్లో ఏదో శుభకార్యం ఉందని ఊరందరికీ తెలుస్తుంది. కణంలోనూ అచ్చం అలాంటి పద్ధతే. గ్రాహకం శత్రువు ముక్కను పట్టుకోగానే ఎల్‌సీకే అనే ఎంజైము వచ్చి ఆ టైరోసిన్లకు ఒక్కో ఫాస్ఫేటును అంటిస్తుంది. అదే బొట్టు! ఆ గుర్తు పడితేనే చుట్టాలు వస్తారు. లేకపోతే అటువైపు చూసే నాథుడుండడు.

మొదట వచ్చే చుట్టం జాప్-70. దీన్ని 1992లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆర్థర్ వైస్ బృందం వెలికితీసింది. ఇది వచ్చి బొట్టు పెట్టిన చోట కూర్చుంటుంది. కూర్చుని ఊరుకోదు. తనూ ఎంజైమే కాబట్టి మరికొన్ని గడపలకు బొట్లు పెట్టడం మొదలెడుతుంది. ఎవరి గడపలకి? మన పేరయ్యలవి!

కోడి పుంజుకిచ్చిన కిటుకు

పేరయ్యల సంగతి తెలుసుకోవాలంటే ముందు కోళ్ల దగ్గరికి వెళ్లాలి. కోళ్లలో కణితులు పుట్టించే వైరస్‌లు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో హిదెసబురో హనఫూసా, బ్రూస్ మేయర్ తదితరులు పరిశీలించారు. కణాన్ని క్యాన్సర్ వైపు నెట్టే వైరస్ జన్యువు ఏదో ఓ శక్తిమంతమైన ఎంజైమును తయారుచేస్తూ ఉంటుందని అప్పట్లో చాలామంది అంచనా. తీరా 1988లో వారికి దొరికిన 'క్రక్' అనే ప్రొటీన్‌లో ఎంజైము లక్షణాలే లేవు! రసాయనికంగా చూస్తే సోమరిపోతు. అయినా కణాన్ని అదుపు తప్పిస్తోంది. ఎలా?

దానికున్నవి రెండు రకాల 'చేతులు' మాత్రమే. వాటిలో ఒక రకం ఫాస్ఫేటు బొట్టు ఉన్న టైరోసిన్‌ను పట్టుకుంటుంది. బొట్టును గుర్తుపట్టే ఈ చేతికి ఎస్‌హెచ్2 అని పేరు. అలాంటి భాగం ఒకటుందని 1986లో చాటిన శాస్త్రవేత్త కెనడాలో పనిచేసిన టోనీ పాసన్. రెండో రకం చెయ్యి ఇంకో ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. అంటే ఈ ప్రొటీన్ చేసే పని ఒక్కటే... ఇద్దర్ని దగ్గరకు చేర్చడం.

పెళ్లిళ్ల పేరయ్య తాళి కట్టడు, పప్పన్నం వండడు, మంత్రాలు చదవడు. కానీ ఎవరింట్లో పిల్ల ఉందో, ఆ పిల్లకి తగిన పిల్లాడు ఎక్కడున్నాడో ఆయనకే తెలుసు. ఆయన లేకపోతే ఆ రెండు కుటుంబాలు ఒకే ఊళ్లో ఉన్నా ఒకరికొకరు తెలియదు. కణంలోనూ అంతే. వేల రకాల ప్రొటీన్లు కిక్కిరిసి ఈదుతుంటాయి. ఎవరికి ఎవరు ఎప్పుడు తారసపడాలన్నది యాదృచ్ఛికానికి వదిలేస్తే కబురు గమ్యం చేరదు. సరైన ఇద్దర్ని, సరైన చోట, సరైన సమయంలో కలిపేవాళ్లు కావాలి. వాటికే శాస్త్రవేత్తలు 'అడాప్టర్ ప్రొటీన్లు' అని పేరు పెట్టారు. మన ఇళ్లలో ప్లగ్గుకీ సాకెట్‌కీ కుదరనప్పుడు మధ్యలో పెట్టే అడాప్టర్ లాంటివే. దాంట్లో కరెంటు పుట్టదు. కానీ అది లేకపోతే బల్బు వెలగదు.

టి-కణంలో పెద్ద పేరయ్య

టి-కణం మేల్కోగానే దాదాపు 36 కిలోడాల్టన్ల బరువున్న ఓ ప్రొటీన్‌కు గబగబా ఫాస్ఫేట్లు అంటుకుంటున్నాయని పరిశోధకులు ఎప్పట్నుంచో గమనిస్తున్నారు. అదెవరో మాత్రం తెలీదు. ఊరు తెలిసి పేరు తెలియని మనిషిలా చాలా ఏళ్లు తప్పించుకు తిరిగింది. చివరికి 1998లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో లారెన్స్ శామెల్సన్ బృందం దాన్ని పట్టుకుంది. 'లాట్' అని పేరు పెట్టింది. అంతకు మూడేళ్ల ముందే, 1995లో గ్యారీ కొరెట్స్‌కీ బృందం 'స్లిప్-76' అనే మరో అడాప్టర్‌ను గుర్తించింది.

లాట్ కణం పైపొరలోనే పాతుకుని ఉంటుంది. తోక మాత్రం లోపలికి చాచి ఉంచుతుంది. ఆ తోక మీదున్న టైరోసిన్లలో చివరి నాలుగూ అతి ముఖ్యమైనవి. జాప్-70 వాటికి బొట్లు పెట్టగానే తలో గడపకీ తలో అతిథి వచ్చి చేరుతుంది. మొదటిదాని దగ్గరకు పీఎల్‌సీ-గామా అనే ఎంజైము. మిగతా మూడింటి దగ్గరకు గ్రబ్-2, గ్యాడ్స్ అనే చిన్న అడాప్టర్లు. గ్యాడ్స్ ఒంటరిగా రాదు, స్లిప్-76ను వెంటబెట్టుకొస్తుంది. స్లిప్-76 ఓ చేత్తో పీఎల్‌సీ-గామాను, ఇంకో చేత్తో దాన్ని ఉత్తేజపరిచే ఎంజైమును పట్టుకుంటుంది. పేరయ్య పక్కన పేరయ్య... అక్కడ ఓ పెద్ద పెళ్లి పందిరే వెలుస్తుంది!

ఆ పందిరి ఎలా ఉంటుందో కూడా 2016లో తెలిసింది. రొనాల్డ్ వేల్, మైకేల్ రోజెన్ తదితరులు ఈ ప్రొటీన్లను కృత్రిమ పొర మీద కలిపి చూశారు. చారు మీద తేలే పోపు నూనె చుక్కల్లా ఇవన్నీ గుంపుగూడి చిన్న చిన్న మడుగులయ్యాయి. బొట్టును చెరిపేసే ఎంజైములు ఆ మడుగుల్లోకి అంత తేలిగ్గా చొరబడలేవు. అంటే అడాప్టర్లు చుట్టాల్ని కలపడమే కాదు, పిలవనివాళ్లను పందిరి బయటే నిలబెడతాయి కూడా.

కిడ్నీ మందుకీ దీనికీ లంకె!

పందిట్లో చేరిన పీఎల్‌సీ-గామా కణం పైపొరలోని ఒక కొవ్వు అణువును రెండు ముక్కలు చేస్తుంది. వాటిలో ఒక ముక్క వెళ్లి కణంలోని కాల్షియం గోదాము తలుపు తడుతుంది. గ్రాహకం శత్రువును ముట్టుకున్న నిమిషంలోపే కణమంతా కాల్షియం పొంగుతుంది. దాంతో కాల్సిన్యూరిన్ అనే ఎంజైము నిద్రలేస్తుంది. అది ఎన్‌ఫ్యాట్ అనే ప్రొటీన్‌ను కేంద్రకంలోకి పంపుతుంది. అక్కడ ఇంటర్‌ల్యూకిన్-2 వంటి జన్యువులు తెరుచుకుంటాయి. ఇక కణం విభజనకు సిద్ధం. గుమ్మం దగ్గరి కబురు పడగ్గదికి చేరిపోయింది!

ఇదంతా ప్రయోగశాల ముచ్చట అనుకుంటే పొరపాటు. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు మనకు తెలిసినవాళ్లలో ఎవరో ఒకరు ఉండే ఉంటారు. వాళ్లు వేళ తప్పకుండా వేసుకునే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ మాత్రలు సరిగ్గా ఈ దారినే మూసేస్తాయి. దాత కిడ్నీని టి-కణం 'పరాయిది' అని గుర్తుపడుతుంది. లాట్ దాకా కబురు చేరుతుంది. కాల్షియమూ పొంగుతుంది. కానీ కాల్సిన్యూరిన్ దగ్గర కబురు ఆగిపోతుంది. కిడ్నీ బతుకుతుంది.

సైక్లోస్పోరిన్‌ను స్విట్జర్లాండ్‌లోని శాండోజ్ కంపెనీ నార్వే మట్టిలోని ఓ శిలీంధ్రం నుంచి తీసింది. అమెరికాలో దానికి 1983లో అనుమతి వచ్చింది. టాక్రోలిమస్ జపాన్‌లోని త్సుకుబా మట్టిలో దొరికిన బ్యాక్టీరియా ఇచ్చిన వరం. విశేషమేమిటంటే, సైక్లోస్పోరిన్ కచ్చితంగా ఎక్కడ పనిచేస్తోందో తెలిసింది మాత్రం 1991లో. అప్పటికే అది ఎందరికో ప్రాణం పోసింది!

అయితే దారి మూశాక అది దాత కిడ్నీ మీదికి వెళ్లే కబురా, క్షయ క్రిమి మీదికి వెళ్లే కబురా అని మందు చూడదు. రెండూ ఆగిపోతాయి. ఆ మాత్రలు వాడేవాళ్లను జ్వరమొస్తే అశ్రద్ధ చేయొద్దని వైద్యులు పదేపదే హెచ్చరించేది అందుకే. అలాగని సొంత తెలివితో మాత్రలు ఆపేస్తే కిడ్నీకే ముప్పు.

నిదానమే ప్రధానం

ఇంతవరకూ కబురు వేగంగా చేరాలనే మాట్లాడుకున్నాం. కానీ టి-కణానికి ఇంకో పెద్ద బాధ్యత ఉంది... సొంతవాళ్ల మీద చెయ్యి చేసుకోకూడదు. లింఫ్ గ్రంథుల్లో టి-కణాల ముందుకొచ్చే ముక్కల్లో అత్యధికం మన శరీరానివే. శత్రువుది ఎక్కడో ఒకటి. రెండూ చూడ్డానికి దగ్గర దగ్గరగానే ఉంటాయి. తేడా అంతా పట్టులో ఉంది. మన ముక్కలు గ్రాహకానికి అలా తగిలి ఇలా జారిపోతాయి. శత్రువు ముక్క కొద్ది సెకన్లు ఎక్కువ అతుక్కుని ఉంటుంది.

అంత చిన్న తేడాను కణం ఎలా కనిపెడుతుంది? దీనికి 1995లో తిమోతీ మెకీథన్ అనే శాస్త్రవేత్త ఓ సిద్ధాంతం చెప్పాడు. కబురు వెళ్లే దారిలో కావాలనే ఆలస్యమయ్యే మెట్లు ఉంటాయి. పట్టు వదలకుండా నిలిచినవాడే చివరి మెట్టు ఎక్కుతాడు. మధ్యలో జారినవాడి కథ మళ్లీ మొదటికొస్తుంది. వినడానికి బాగుంది. మరి ఆ ఆలస్యం చేసే మెట్టు ఎక్కడుంది?

ఓ కీలకమైన జవాబు 2019లో వచ్చింది. అదీ లాట్‌లోనే! లాట్‌లో పీఎల్‌సీ-గామా వచ్చి కూర్చునే టైరోసిన్ 132వ స్థానంలో ఉంటుంది. మిగతా గడపలకు జాప్-70 చకచకా బొట్లు పెట్టేస్తుంది కానీ ఇక్కడికొచ్చేసరికి తడబడుతుంది. కారణం దానికి సరిగ్గా ముందు, 131వ స్థానంలో ఉన్న గ్లైసిన్. జాప్-70కి ఆ పొరుగు గిట్టదు. ఆర్థర్ వైస్ ప్రయోగశాలలో వాన్-లిన్ లో తదితరులు ఆ ఒక్క గ్లైసిన్‌నూ తీసి దాని స్థానంలో మరో అమైనో ఆమ్లాన్ని పెట్టి చూశారు. పని వేగం పెరిగింది. కణం మరింత చురుగ్గా స్పందించింది. కానీ... బలహీనమైన ముక్కలకూ, శరీరం సొంత ముక్కలకూ కూడా స్పందించడం మొదలుపెట్టింది!

అంటే ఆ గ్లైసిన్ లోపం కాదు, వివేకం. మంచి పేరయ్య సంబంధం చూడగానే తాంబూలాలు పుచ్చుకోమనడు. నాలుగు చోట్ల విచారిస్తాడు. ఆ నాలుగు నిమిషాల్లో నిలబడని సంబంధం ఎలాగూ నిలబడేది కాదు. 'ఆలస్యం అమృతం విషం' అన్న మాట అన్నిచోట్లా పనికిరాదు. ఇక్కడ మాత్రం ఆలస్యమే అమృతం.

పేరయ్య లేని ఊరు

లాట్ లేకపోతే ఏమవుతుంది? 1999లో శాస్త్రవేత్తలు ఆ జన్యువు లేని ఎలుకలను పుట్టించారు. వాటిలో పరిణతి చెందిన టి-కణాలు ఒక్కటీ లేవు. థైమస్ గ్రంథిలో ఎదిగే దశలోనే ఆగిపోయాయి. కబురు అందని కణానికి ఎదగాలన్న సంగతే తెలియదు మరి. అంతకు ముందు ఏడాది స్లిప్-76 లేని ఎలుకల్లోనూ అదే కనిపించింది. పైగా వాటికి రక్తస్రావం కూడా.

2002లో ఇంకా వింతైన సంగతి బయటపడింది. లాట్ మొత్తాన్ని తీసెయ్యకుండా పీఎల్‌సీ-గామా కూర్చునే ఆ ఒక్క టైరోసిన్‌నే మార్చారు. కబురు సన్నగిల్లింది కాబట్టి కణాలు మందకొడిగా ఉంటాయనుకుంటాం. జరిగింది తలకిందులు! మొదట్లో కొద్దిగానే ఉన్న టి-కణాలు ఆ తర్వాత అదుపు లేకుండా పెరిగిపోయాయి. ప్లీహం, లింఫ్ గ్రంథులు ఉబ్బిపోయాయి. లాట్ కేవలం 'పద పద' అనే పేరయ్య కాదని, 'ఇక చాలు' అని సర్దిచెప్పే పెద్దమనిషి కూడానని తేలింది.

మనుషుల్లో ఈ చేదు నిజం 2016లో వెల్లడైంది. ఒకే కుటుంబంలో ముగ్గురికి లాట్ తోక చాలా భాగం లేకుండాపోయింది. వాళ్లకు చిన్నప్పట్నుంచే రోగనిరోధక శక్తి తక్కువ. దాంతోపాటే తీవ్రమైన ఆటోఇమ్యూన్ జబ్బు. అంటే సైన్యం శత్రువును ఎదుర్కోలేదు, కానీ సొంత ఇంటి మీద పడుతుంది! 2017లో లాట్ లోపంతో పుట్టుకతోనే రక్షణ వ్యవస్థ కుప్పకూలిన పిల్లల గురించీ వైద్యులు ప్రకటించారు. జాప్-70 లోపం ఉన్న పిల్లల గురించి 1994లోనే తెలుసు. వాళ్ల రక్తంలో ఒక రకం టి-కణాలే ఉండవు, ఇంకో రకం ఉన్నా పలకవు.

ఇలాంటివి అరుదైన జబ్బులే. అయితే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి... రెండు లోపభూయిష్టమైన జన్యువులు కలిస్తేనే వస్తాయి. రక్తసంబంధీకుల మధ్య పెళ్లిళ్లలో ఆ అవకాశం ఎక్కువ. మేనరికాలు ఇప్పటికీ ఉన్న మన తెలుగు రాష్ట్రాల్లో ఇది గుర్తుంచుకోవాల్సిన సంగతి.

తల్లిదండ్రులూ... ఇవి గమనించండి

* నెలల పసికందుకు న్యుమోనియా, విరేచనాలు, నోటిపూత మళ్లీమళ్లీ వస్తుంటే, మందులకు లొంగకపోతే, బరువు పెరగకపోతే 'పిల్లలకి మామూలే' అని వదిలెయ్యకండి. రోగనిరోధక లోపం ఉందేమో చూడమని వైద్యుణ్ని అడగండి.

* మామూలు రక్తపరీక్షలోనే లింఫోసైట్ల సంఖ్య తెలుస్తుంది. పసిపిల్లల్లో అది బాగా తక్కువగా ఉంటే ముఖ్యమైన ఆధారం. అలాగని సంఖ్య సరిగ్గా ఉన్నంతమాత్రాన లోపం లేదని కాదు. జాప్-70 లోపంలో కణాలు ఉండీ పనిచెయ్యవు.

* ఇంట్లో అంతకుముందు ఎవరైనా బిడ్డ ఏడాదిలోపే ఇన్‌ఫెక్షన్లతో చనిపోయి ఉంటే ఆ సంగతి కాన్పుకు ముందే డాక్టరుకు చెప్పాలి. పుట్టగానే వేసే బీసీజీలో బతికున్న బలహీన క్రిములు ఉంటాయి. ఆరోగ్యవంతులైన పిల్లలకు అది రక్ష. టి-కణాలు లేని బిడ్డకు మాత్రం ప్రమాదం.

* ముందుగా గుర్తిస్తే ఎముక మజ్జ మార్పిడితో బతికించవచ్చు. పుట్టిన మూడున్నర నెలల్లోపే మార్పిడి జరిగిన పిల్లల్లో 94 శాతం మంది ఐదేళ్ల తర్వాతా బతికి ఉన్నారని అమెరికా వైద్యులు 2014లో ప్రకటించారు. ఆ దేశంలో పుట్టిన బిడ్డల రక్తపు చుక్కతో తీవ్రమైన టి-కణ లోపాన్ని కనిపెట్టే పరీక్ష 2008లో విస్కాన్సిన్ రాష్ట్రంలో మొదలైంది. 2018 చివరికల్లా అన్ని రాష్ట్రాలకూ చేరింది.

పేరయ్యతోనే క్యాన్సర్‌కు చెక్?

కబురు దారి తెలిస్తే దాన్ని మూయడమే కాదు, కొత్తగా వెయ్యనూవచ్చు. కార్-టి చికిత్స అదే. రోగి టి-కణాలను బయటికి తీసి, క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టే కృత్రిమ గ్రాహకాన్ని వాటికి తొడిగి, తిరిగి ఒంట్లోకి ఎక్కిస్తారు. ఆ గ్రాహకానికి లోపలి తోక ఎవరిదనుకున్నారు? మనం మొదట్లో చెప్పుకున్న జీటా గొలుసుదే! 2012లో ఫిలడెల్ఫియాలో ల్యుకేమియాతో మృత్యువు అంచుకు చేరిన ఆరేళ్ల పాపను ఈ కణాలే కాపాడాయి. అమెరికాలో 2017లో ఈ చికిత్సకు అనుమతి లభించింది. మన దేశంలో ముంబయి ఐఐటీ, టాటా మెమోరియల్ సెంటర్ కృషితో రూపొందిన నెక్స్‌కార్-19కు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. 2024 ఏప్రిల్‌లో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము దాన్ని ఆవిష్కరించారు.

అయితే ఈ కృత్రిమ గ్రాహకానికి ఓ బలహీనత ఉంది. టి-కణం సహజ గ్రాహకానికి శత్రువు ఆనవాళ్లు పదిలోపు కనిపించినా చాలు. కార్‌కి మాత్రం వందలు, వేలు కావాలి. క్యాన్సర్ కణం తన ఆనవాళ్లను తగ్గించుకుంటే దాని కళ్లుగప్పి తప్పించుకుంటుంది. కారణాల్లో ఒకటి ఆశ్చర్యం కలిగిస్తుంది. కార్ తోక సహజ గ్రాహకంలా లాట్‌ను సరిగా కదిలించలేకపోతోంది! కొత్త గ్రాహకం పెట్టారు కానీ పాత పేరయ్యతో పరిచయం చెయ్యలేదన్నమాట. ఆ పరిచయం కలిపేందుకే ఇప్పుడు ప్రయోగశాలల్లో ప్రయత్నాలు సాగుతున్నాయి.

కోడి వైరస్‌లో దొరికిన 'పనికిమాలిన' ప్రొటీన్‌తో మొదలైన అన్వేషణ పసిబిడ్డల ప్రాణాల దాకా, క్యాన్సర్ వార్డుల దాకా వచ్చింది. పెళ్లి ఫొటోల్లో పేరయ్య ఎక్కడో వెనక వరుసలో నిలబడి ఉంటాడు. ఆల్బమ్‌లో ఆయన్ని ఎవరూ గుర్తుపట్టరు. కానీ ఆయన నాలుగు చోట్ల విచారించి, నిదానించి, సరే అన్నాకే అక్కడ సన్నాయి మోగింది!